సాలార్‌జంగ్ మ్యూజియంలో కొత్త చిత్రకళా ప్రదర్శన చూడబోతున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో కొత్త ప్రదర్శన పెట్టినప్పుడల్లా అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. ఏ రోజు వెళ్లాలి, ఫోన్ తీయొచ్చా, లోపల అంత చీకటేమిటి, బొమ్మ అర్థం కాకపోతే ఏం చేయాలి? వాటన్నిటికీ జవాబులు ఇక్కడ ఒకచోట పెట్టాం. వేళలు, దారులు ఈ మ్యూజియంవే గానీ, బొమ్మను చూసే పద్ధతి ఏ ఊళ్లోనైనా పనికొస్తుంది. మీకు కావలసిన ప్రశ్న దగ్గర మొదలుపెట్టండి.

## బయల్దేరే ముందు

కొత్త ప్రదర్శన మొదలైందని ముందే ఎలా తెలుస్తుంది?

మ్యూజియం వెబ్‌సైటు, సోషల్ మీడియా పేజీలు, దినపత్రికల హైదరాబాద్ పేజీలు చూస్తుంటే చాలు. కొన్ని తేదీలు మాత్రం గుర్తుపెట్టుకోవాలి. ఏప్రిల్ 18 ప్రపంచ వారసత్వ దినం, మే 18 అంతర్జాతీయ మ్యూజియం దినం, నవంబర్ 19 నుంచి 25 దాకా ప్రపంచ వారసత్వ వారోత్సవాలు. మ్యూజియాలు ప్రత్యేక ప్రదర్శనలు పెట్టేది ఎక్కువగా ఈ రోజుల్లోనే. సాలార్‌జంగ్‌లో జూన్ నెల కూడా ముఖ్యమైనదే, ఈ వస్తువుల్లో చాలావాటిని సేకరించిన మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ పుట్టింది 1889 జూన్‌లో.

ప్రకటన కనిపించగానే ముగింపు తేదీ, ఏ బ్లాక్ అన్నవి రాసిపెట్టుకోండి. మధ్యలో ఉన్నది ఇండియన్ బ్లాక్, రెండు పక్కలా ఈస్టర్న్, వెస్టర్న్ బ్లాకులు. బ్లాక్ తెలియకుండా వెళితే అసలు గది దొరికేసరికి అరగంట నడక, సగం ఓపిక ఖర్చైపోతాయి.

ఏ రోజు, ఏ వేళకు వెళితే నింపాదిగా చూడొచ్చు?

శుక్రవారం సెలవు. పొరుగూళ్ల నుంచి వచ్చి గేటు దగ్గర నిరాశపడేవాళ్లు చాలామంది ఈ సంగతి తెలియకే వస్తారు. మిగతా రోజుల్లో ఉదయం 10 నుంచి సాయంత్రం 5 దాకా తెరిచి ఉంటుంది. శని, ఆదివారాలు తప్పించి, గేటు తెరిచే వేళకే వెళ్లడం అన్నిటికన్నా మంచిది. నవంబర్ నుంచి జనవరి దాకా స్కూలు పిల్లల విహారయాత్రల బస్సులు వస్తుంటాయి కాబట్టి ఆ నెలల్లో పొద్దున్నే వెళ్లడం మరీ అవసరం.

ప్రారంభోత్సవం రోజు అతిథుల హడావుడిలో బొమ్మ కనపడదు. ఒక్కోసారి లేబుళ్లు కూడా అంటించి ఉండవు. చివరి రోజు వాయిదా వేసుకున్నవాళ్లంతా ఒకేసారి వస్తారు. మొదలైన మూడో రోజు నుంచి వెళితే బాగుంటుంది.

ఇంకో చిన్న కిటుకు ఉంది. కుక్ అండ్ కెల్వీ వారి సంగీత గడియారంలో బొమ్మ బయటికొచ్చి గంట కొట్టడం చూడటానికి ప్రతి గంటకూ జనం చేరతారు. పన్నెండింటికైతే ఆవరణ నిండిపోతుంది. గడియారాన్ని ఒకసారి మీరూ చూడండి, చూడదగ్గదే. మరో గంటకు మాత్రం జనం అటు వెళ్లినప్పుడు ప్రదర్శన గదిలో ఉండండి.

మ్యూజియం మొత్తం, కొత్త ప్రదర్శన ఒకే రోజులో అయిపోతాయా?

కావు. అయినట్టు అనిపించినా ఏదీ చూసినట్టు కాదు. ఇక్కడ గ్యాలరీలే 30కి పైగా ఉన్నాయి. 40 బొమ్మల చిన్న ప్రదర్శన అనుకుని, ఒక్కోదానికి 3 నిమిషాలు ఇచ్చినా రెండు గంటలు. ఆ తర్వాత కన్ను ఏదీ పట్టించుకోదు. అందుకే ముందు కొత్త ప్రదర్శనకే వెళ్లండి. ముసుగు వేసుకున్న రెబెక్కా పాలరాతి విగ్రహం, గడియారం ఎక్కడికీ పోవు, కొత్త ప్రదర్శన మాత్రం నెలో రెండు నెలలో ఉండి వెళ్లిపోతుంది. మిగిలిన ఓపికతో ఇంకొక్క గ్యాలరీ చూసి బయటికి రండి. ఊరి నుంచి ఒక్క రోజు కోసమే వచ్చినవాళ్లయినా ఈ వరుసలో వెళ్లమనే మా సలహా.

మెట్రోలో రావచ్చా?

రావచ్చు. మహాత్మాగాంధీ బస్ స్టేషన్ మెట్రోలో దిగండి, ఎరుపు, ఆకుపచ్చ లైన్లు రెండూ అక్కడ కలుస్తాయి. అక్కడి నుంచి ఆటోలో దారుల్‌షిఫా అని చెప్పండి. సిటీ బస్సులో అఫ్జల్‌గంజ్ దాకా వచ్చినవాళ్లు నయాపూల్ మీదుగా మూసీ దాటి నడిచి రావచ్చు.

ఏం వేసుకోవాలి? ఏం వెంట ఉండాలి?

ముదురు రంగు చొక్కా లేదా చీర. వినడానికి వింతగా ఉన్నా కారణం ఉంది. కాగితం మీద వేసిన బొమ్మలన్నీ అద్దం వెనక ఉంటాయి. తెల్ల చొక్కా వేసుకుని ఎదురుగా నిలబడితే ఆ తెలుపే అద్దంలో పరుచుకుని బొమ్మను కప్పేస్తుంది. ముదురు రంగు వేసుకుంటే మీ నీడలో బొమ్మ తేటగా కనిపిస్తుంది.

చత్వారం ఉన్నవాళ్లు చదివే కళ్లజోడు మరవకండి, చిన్న చిత్రాలకు అదే ప్రాణం. చప్పుడు చేయని చెప్పులు, చేతిలో పట్టే నోటుపుస్తకం, ఒక పెన్సిల్ తెచ్చుకోండి. పెన్ను వద్దు, సిరా చుక్క చిందితే తుడిచే వీలుండదు. ఏసీ గదుల్లో ఎక్కువసేపు నిలబడలేని పెద్దవాళ్లకు శాలువా ఉంచుకోండి.

## గేటు దగ్గర

బ్యాగు, తినుబండారాలు లోపలికి ఎందుకు రానివ్వరు?

భద్రత ఒక కారణం. రెండోది, వీపున బ్యాగు ఉన్న మనిషి పక్కకు తిరిగినప్పుడు ఆ బ్యాగు ఎంత దూరం తిరుగుతుందో అతనికి తెలియదు, వెనక ఉన్న ఫ్రేముకు తెలుస్తుంది. తినుబండారాల సంగతి ఇంకా ముఖ్యం. రాలిన బిస్కెట్ పొడికి బొద్దింకలు వస్తాయి, వాటితోపాటు కాగితం, గంజి తినే వెండిపురుగులు చేరతాయి. బొమ్మను అతికించిన జిగురే వాటికి తిండి. తడిసిన గొడుగులు, రెయిన్‌కోట్లు కూడా బయటే ఉంచాలి. గదిలో తేమ సుమారు 50 శాతం దగ్గర నిలకడగా ఉండాలి, అది ఎక్కువతక్కువలైతే కాగితం ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది, పైనున్న రంగు పెచ్చులు లేస్తుంది.

సామాన్లు భద్రపరిచే కౌంటర్‌లో బ్యాగు ఇచ్చేముందు కళ్లజోడు, మందులు, డబ్బు, ఫోన్ తీసి జేబులో పెట్టుకోండి. వీటి కోసం మళ్లీ వెనక్కి వచ్చేవాళ్లు రోజూ ఉంటారు.

కొత్త ప్రదర్శనకు విడి టికెట్ కొనాలా?

సాధారణంగా మ్యూజియం టికెట్‌తోనే ప్రత్యేక ప్రదర్శన కూడా చూడొచ్చు. విడి టికెట్ ఉంటే ప్రకటనలోనే రాస్తారు. భారతీయులకు, విదేశీయులకు ధర వేరు. అమెరికా నుంచి చుట్టాలు వస్తే కౌంటర్ దగ్గర వాళ్ల గుర్తింపు కార్డు సిద్ధంగా ఉంచుకోండి.

ఫోన్‌తో ఫొటోలు తీయొచ్చా? కొన్ని గదుల్లో తీయనిచ్చి, ఇక్కడ ఎందుకు వద్దంటున్నారు?

ఫ్లాష్, ట్రైపాడ్, సెల్ఫీ స్టిక్ ఎక్కడైనా వద్దు. మ్యూజియం సొంత వస్తువులున్న గ్యాలరీల్లో అనుమతి ఉన్నా, కొత్త ప్రదర్శనలో లేకపోవచ్చు. అక్కడి బొమ్మలు వేరేవాళ్ల దగ్గర అరువు తెచ్చినవైతే, వాళ్లు పెట్టిన షరతు మ్యూజియం తప్పక పాటించాలి. పైగా మన దేశంలో చిత్రకారుడు పోయిన తర్వాత కూడా 60 ఏళ్లపాటు కాపీరైట్ ఉంటుంది. పి.టి. రెడ్డిగారు 1996లో పోయారు, ఆయన చిత్రాలపై హక్కు 2056 చివరి దాకా నడుస్తుంది. 1925లోనే పోయిన దామెర్ల రామారావు చిత్రాలకు ఆ గడువు ఎప్పుడో తీరింది.

అనుమతి ఉన్నచోట ముందు బొమ్మ చూడండి, తర్వాత లేబుల్ ఫొటో, ఆఖరున బొమ్మ ఫొటో తీయండి. ఫోన్ పైకెత్తాక కన్ను పనిచేయడం మానేస్తుంది.

## బొమ్మల ముందు

గది ఇంత చీకటిగా ఎందుకుంది? లైట్లు పాడయ్యాయా?

కావాలనే తగ్గించారు. కాగితం, బట్ట మీద వేసిన రంగులకు 50 లక్సుల (లక్సు అంటే వెలుతురును కొలిచే ప్రమాణం) వెలుతురే హద్దు. ఆఫీసు గదిలో 300 నుంచి 500 లక్సులు ఉంటుంది. ఎండలో లక్ష దాకా పోతుంది. వెలుతురు రంగును కొద్దికొద్దిగా తింటుంది, తిన్నది మళ్లీ రాదు. తర్వాత చీకట్లో పెట్టినా పోయిన ఎరుపు తిరిగి రాదు. కాన్వాసు మీది నూనెరంగులు కొంచెం ఓర్చుకుంటాయి కాబట్టి వాటికి 200 లక్సుల దాకా ఇస్తారు.

ఎండలోంచి నేరుగా లోపలికి వచ్చినవాళ్లకు మొదట ఏమీ కనపడదు. గదిలో ఒక పక్కన ఐదు నుంచి పది నిమిషాలు ఊరికే కూర్చోండి, లేదా గోడ మీది పరిచయం చదవండి. తర్వాత అదే వెలుతురులో సన్నని గీతలు కూడా తేలతాయి.

కిందటిసారి చూసిన బొమ్మ ఈసారి లేదేం?

విశ్రాంతికి పంపి ఉంటారు. కాగితం మీది చిత్రాలను మూడు నాలుగు నెలలు బయట పెట్టాక తీసి చీకటి గదిలో భద్రపరచడం మంచి మ్యూజియాల అలవాటు. ఒకే బొమ్మ కోసం దూరం నుంచి వచ్చేవాళ్లు అది ప్రస్తుతం గోడ మీద ఉందో లేదో ముందు ఫోన్ చేసి కనుక్కోవాలి.

లేబుల్ మీద రాసినదాన్ని ఎలా చదవాలి?

పేరు, కాలం, దేని మీద ఏ రంగులు, కొలత, చివర ఒక నంబరు. కాలం పక్కన "సుమారు" అని ఉంటే బొమ్మ మీద తేదీ లేదని, శైలిని బట్టి కట్టిన లెక్క అని అర్థం. కొలతలో ముందు ఎత్తు, తర్వాత వెడల్పు. చివరి నంబరు మ్యూజియం రిజిస్టరులో ఆ వస్తువుది. ఇంటికెళ్లాక ఆ బొమ్మ గురించి ఎవరినైనా అడగాలంటే ఈ నంబరే పనికొస్తుంది, అది రాసుకోండి. "నీలం గుర్రం బొమ్మ" అంటే ఎవరూ పోల్చుకోలేరు.

లేబుల్ మీద హిజ్రీ (ఇస్లామిక్ క్యాలెండర్) సంవత్సరం ఉంది. మన లెక్కలో ఎంత?

హిజ్రీ అంకెను 0.97తో గుణించి 622 కలపండి. ఒక సంవత్సరం అటూఇటూ సరిపోతుంది. హిజ్రీ 1000 అంటే 970కి 622 కలిపి 1592. హైదరాబాద్ కట్టిన కాలం అదే, 1591. ఈ ఒక్కటి గుర్తుంటే దక్కను రాతప్రతుల్లో మిగతా తేదీలన్నీ దానికి ముందో వెనకో సర్దుకోవచ్చు.

అరచేతంత దక్కనీ చిత్రంలో ఏం చూడాలి? రెండు నిమిషాల్లో అయిపోతోంది.

ఈ ప్రశ్న అడిగినందుకు సంతోషం. ఇలాంటి చిత్రాలు గోడకు వేలాడదీయడానికి గీసినవి కావు. ఒళ్లో పెట్టుకుని, పుస్తకంలా పట్టుకుని, ఒక్కరే చూడటానికి గీసినవి. కాబట్టి నేల మీది హద్దు గీతకు ఇవతలే ఉండి, వీలైనంత దగ్గరగా నిలబడండి.

ముందు మనుషుల ముఖాలు వదిలేసి ఆకాశం చూడండి. గోల్కొండ, బీజాపూర్ చిత్రకారులు ఆకాశానికి బంగారం పూయడానికి వెనకాడలేదు. ఊదా, గులాబి రంగు రాళ్లు, సన్నగా పొడుగ్గా నిలిచే మనుషులు, కింద కాళ్లు తెలిసేంత పల్చని మస్లిన్ దుస్తులు కూడా దక్కను చేతి గుర్తులే.

ఇప్పుడు మోకాళ్లు కొద్దిగా వంచి కింది నుంచి పైకి చూడండి. ఎదురుగా పసుపు మట్టిలా ఉన్నచోట ఒక్కసారిగా బంగారం మెరుస్తుంది. కొన్నిచోట్ల నగల మీద సూదితో పొడిచిన చుక్కలు కనిపిస్తాయి, దీపం కదిలినప్పుడల్లా ఒక్కో చుక్క ఒక్కో వైపు మెరవడానికి చేసిన పని అది. ఆ కాగితం కూడా ఒక్క పొర కాదు. కొన్ని పొరలు అతికించి, అకీకు రాయితో రుద్ది నునుపు చేసినది.

చివరగా పాడైన చోట్లు వెతకండి. ఆకుపచ్చ పూసినచోట కాగితం గోధుమ రంగుకు తిరిగి, చిట్లి, అక్కడక్కడ రాలి ఉంటే అది చిలుముపచ్చ పని. రాగి చిలుముతో చేసిన ఆ రంగు ఏళ్ల తరబడి కాగితాన్ని కాలుస్తుంది. తెల్లని ముఖం మీద నల్లటి మచ్చలుంటే సీసపు తెలుపు గాలికి నల్లబడిందన్నమాట, మసి కాదు. అంత అందమైన పచ్చ కోసం చిత్రకారుడు వాడిన రంగే మూడు వందల ఏళ్ల తర్వాత అతని చెట్టును తినేస్తోంది. అద్దం దగ్గర నిలబడి అది చూసినవాళ్లకు ఇన్ని జాగ్రత్తలు ఎందుకో ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

చేర్యాల పటం, కలంకారీ బట్ట ఎక్కడ మొదలుపెట్టి చూడాలి?

చేర్యాల పటం కథ చెప్పేవాళ్లు వాడే చుట్ట. పై నుంచి కిందికి, వరుస తర్వాత వరుస విప్పుతూ పాడేవారు. ఒక్కో వరుసకు మధ్య పూల అంచు ఉంటుంది, అది దాటితే కథ ముందుకు కదిలినట్టు. ఎర్రటి నేల మీద ఒకే వ్యక్తి వరుసగా మళ్లీ మళ్లీ కనిపిస్తే తికమకపడకండి, అతని కథే నడుస్తోంది. ఖాదీ బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు పట్టించి గట్టిపరిచాకే బొమ్మ వేస్తారు. అందుకే పాత పటాల్లో మడత పడినచోట అడ్డంగా పగుళ్లుంటాయి.

కలంకారీలో ముందు నల్ల గీత చూడండి. శ్రీకాళహస్తి పని కలంతో గీసింది కాబట్టి గీత లావుసన్నాలు మారుతుంది. మచిలీపట్నం, పెడన పని అచ్చుతో అద్దింది కాబట్టి అదే పువ్వు అదే కొలతతో తిరిగి వస్తుంది, అచ్చు అంచులు కలిసేచోట చిన్న తేడా దొరుకుతుంది. ఆ నలుపు బెల్లం, తుప్పుపట్టిన ఇనుము నానబెట్టి చేసినది. పాత బట్టల్లో ఆ నల్ల గీత వెంటే చిరుగులు పడతాయి, ఇనుము నూలును తింటుంది కాబట్టి.

బొమ్మ కింద పెన్సిల్‌తో 7/25 అని రాసి ఉంది. అంటే అసలు కాదా?

అసలే. రేకు మీదో చెక్క మీదో చిత్రకారుడే చెక్కి, 25 ప్రతులు అచ్చు తీసి ఆపేశాడు, ఇది ఏడోది. ఏ.పి. అని ఉంటే చిత్రకారుడు తన కోసం ఉంచుకున్న ప్రతి. సంతకం సాధారణంగా కుడివైపు ఉంటుంది. బొమ్మ చుట్టూ కాగితం కొద్దిగా లోపలికి నొక్కుకుపోయిన అంచు కనిపిస్తే అది రేకు గుర్తు. చిత్రకారుడు లక్ష్మాగౌడ్ ఎచింగ్‌ల్లో (రేకు మీద ఆమ్లంతో గీతలు తొలిచి తీసిన అచ్చుల్లో) ఆ అంచు పట్టి చూడండి. చిత్తూరు జిల్లాలో పుట్టిన కృష్ణారెడ్డి చేసిన ప్రింట్లు దొరికితే మాత్రం కదలకండి. సిరాల చిక్కదనం మార్చి, ఒకే రేకు మీద అనేక రంగులు ఒకదాన్నొకటి కలవకుండా నిలిపిన పద్ధతిని రూపొందించినవారిలో ఆయనొకరు.

మా ఇంట్లో తాతగారి కాలం రవివర్మ లక్ష్మి ఉంది. ఇక్కడున్నదీ అదీ ఒకటేనా?

సాలార్‌జంగ్‌లో ఉన్నవి రవివర్మ నూనెరంగులతో వేసిన చిత్రాలు. ఇళ్లలో ఉన్నవి దాదాపు అన్నీ 1894లో బొంబాయిలో మొదలైన ఆయన ముద్రణాలయం నుంచో, దాన్ని చూసి అచ్చువేసిన ఇతరుల నుంచో వచ్చిన లితోలు, అంటే రాతి పలక మీంచి తీసిన అచ్చు ప్రతులు. ఇంటికెళ్లి భూతద్దం పెట్టి బుగ్గ దగ్గర చూడండి. చిన్న చిన్న రంగు చుక్కలు కనిపిస్తే అచ్చు. నూనెరంగుల్లో కుంచె గీసిన దారి, కింద కాన్వాసు నేత కనిపిస్తాయి. అచ్చు ప్రతి అయినా పారేయకండి. ఎండ తగలని గోడకు పెట్టండి, వెనక ఉన్న చెక్కకు చెద ఉందేమో చూడండి.

ఆధునిక చిత్రం ఏమీ అర్థం కావట్లేదు. లోపం నాదా?

కాదు. అర్థం అడిగే ముందు ఎలా చేశారో అడగండి. దేనితో చేశారు, పలచగా పూశారా మందంగానా, ఏ రంగు ముందు వేశారు, ఏది దాని మీద వేశారు, చెయ్యి ఎటు కదిలింది? రంగు పొర అంచు దగ్గర ఇది దొరుకుతుంది. ఐదు నిమిషాలు ఇలా చూశాక గోడ మీది రాత చదవండి. ముందే చదివితే ఆ రాసినదే కనిపిస్తుంది, బొమ్మ కనపడదు. అంత చూసినా మనసుకు పట్టకపోతే నిశ్చింతగా ముందుకెళ్లండి, గదిలో అన్నీ నచ్చాలని లేదు.

ఒక్కసారి వేలితో ముట్టుకుంటే ఏమవుతుంది?

మీ ఒక్కరి వేలికి ఏమీ కానట్టే ఉంటుంది. చెమటలోని ఉప్పు, జిడ్డు అక్కడే ఉండిపోతాయి. కంచు మీదైతే వేలిముద్ర ఆకారంలోనే మచ్చ తేలుతుంది, పాలరాయి పసుపు పారుతుంది. వేలు చూపించి ఎవరికైనా వివరిస్తున్నప్పుడే ఎక్కువగా తగులుతుంది. చేతులు వెనక కట్టుకుని నోటితో చెప్పండి.

## పిల్లలు, పెద్దవాళ్లు

చిన్నపిల్లలను తీసుకెళ్లొచ్చా?

తప్పకుండా, 40 నిమిషాలు మించకుండా. లోపలికి వెళ్లగానే మూడు వస్తువులు వెతకమనండి, ఒక కుక్క, ఒక చెప్పు, ఒక దీపం లాంటివి. దొరికిన దాన్ని నేల మీద కూర్చుని పెన్సిల్‌తో గీయనివ్వండి. "ఇది ఏ శతాబ్దమో చెప్పు" అని పరీక్ష పెడితే మళ్లీ రామంటారు.

అమ్మమ్మకు మోకాళ్ల నొప్పులు. తిరగగలరా?

టికెట్ కౌంటర్ దగ్గరే చక్రాల కుర్చీ, లిఫ్టు సంగతి అడగండి. కుర్చీలో కూర్చున్నవాళ్లకు బల్ల అద్దాల్లో పరిచిన బొమ్మల మీద లైటు తళుక్కుమని కళ్లలో పడుతుంది. కుర్చీని కొంచెం పక్కకు తిప్పితే సర్దుకుంటుంది.

## చూశాక

నచ్చిన బొమ్మ కొనుక్కోవచ్చా?

మ్యూజియం ప్రదర్శనల్లో అమ్మరు. మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీ లాంటి చోట్ల చిత్రకారులే పెట్టే ప్రదర్శనల్లో బల్ల దగ్గర ధరల పట్టిక అడగొచ్చు, అడగడంలో మొహమాటం ఏమీ వద్దు. లేబుల్ పక్కన ఎర్ర చుక్క ఉంటే అది అమ్ముడైపోయిందని.

హైదరాబాద్ రాలేం. ఆంధ్రలో ఏం చూడొచ్చు?

రాజమండ్రిలో దామెర్ల రామారావు చిత్రశాల. 28 ఏళ్లు నిండకుండానే మశూచితో పోయిన మనిషి ఎంత గీశారో ఒక్క గదిలో తెలుస్తుంది. విజయవాడలో 1887 నాటి విక్టోరియా జూబిలీ భవనం ఉన్న బాపూ మ్యూజియం.

వ్యాఖ్యల పుస్తకంలో ఏం రాయాలి? ఎవరైనా చదువుతారా?

చదువుతారు. "చాలా బాగుంది" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఫలానా నంబరు బొమ్మ అద్దంలో లైటు పడుతోంది, లేబుల్ మరీ కిందికి ఉంది, తెలుగు లేబుల్ లేదు అని రాయండి. తాత్కాలిక ప్రదర్శనల్లో తెలుగు లేబుళ్లు చాలాసార్లు ఉండవు. తెలుగులోనే అడగండి, తేదీ వేయండి, బొమ్మ నంబరు రాయండి.